పల్లం లేని చోట

1966 జూలై 5న అమెరికాలోని కేప్ కెన్నెడీ నుంచి ఒక పెద్ద రాకెట్ లేచింది. అందులో మనుషులు లేరు, ఉపగ్రహం లేదు. పైన ఒట్టి టోపీ మాత్రం తొడిగి పంపారు. కక్ష్యకు చేరింది ఆ రాకెట్ పై దశ ఒక్కటే. దాని ట్యాంకులో టన్నుల కొద్దీ ద్రవ హైడ్రోజన్ కావాలనే మిగిల్చి ఉంచారు. ట్యాంకు లోపలికి చూస్తుండేలా రెండు టెలివిజన్ కెమెరాలు బిగించారు. ఒకటి నేల వదలకముందే చెడిపోయింది. రెండోది పనిచేసింది. అది పంపిన బొమ్మల్లో కనిపించిందల్లా ఒక ట్యాంకు, అందులో కదిలే ద్రవం. వాళ్ళు చూడాలనుకున్నదీ అదే. గిన్నెలో ద్రవం ఎలా కూర్చుంటుందో చూడటానికి అంత రాకెట్ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఆ సంగతే.

మనకో సామెత ఉంది: నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని. అందులో మొదటి సగం మీదే మన ఇళ్ళూ పొలాలూ నడుస్తున్నాయి. చెరువుకు తూము అడుగున పెడతాం. మేడ మీద ట్యాంకుకు గొట్టం అడుగు నుంచే తీస్తాం. బండిలో పెట్రోలు అడుగంటితే, పాత స్కూటర్లు నడిపినవాళ్ళకు గుర్తుంటుంది, బండిని ఓ పక్కకి బాగా వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టేవాళ్ళం. ట్యాంకులో ఏ మూలో మిగిలిన కాస్త పెట్రోలు గొట్టం వైపు జారేది. బండి ఇంటిదాకా వచ్చేది. ద్రవం ఎక్కడుందో మనం చూడనక్కరలేదు. పల్లం ఎటుంటే అటే ఉంటుంది.

కక్ష్యలో తిరిగే నౌకలో ఆ పల్లం లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అక్కడ భూమి ఆకర్షణ లేదని చాలామంది అనుకుంటారు. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున కూడా భూమి లాగే బలం ఇక్కడి బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. అయితే నౌక, ట్యాంకు, ట్యాంకులోని ద్రవం, ద్రవంలోని గాలిబుడగ, అన్నీ ఒకే వేగంతో భూమి చుట్టూ పడుతూ ఉంటాయి. అన్నీ కలిసి పడుతున్నప్పుడు ద్రవం ట్యాంకు అడుగుని నొక్కదు. తాడు తెగిన బిందె బావిలో పడుతున్నంత సేపూ అందులోని నీళ్ళకు అడుగేదో తెలియదు. ఉపగ్రహంలో ఆ పడటం ఏళ్ళ తరబడి సాగుతుంది.

మరి అలాంటప్పుడు ద్రవం దేని మాట వింటుంది? తలతన్యత మాట. నీటి పైపొర సాగదీసిన పల్చని తోలులా ప్రవర్తిస్తుందని బడిలో చదువుకున్నాం. దానివల్లే నీటిబొట్టు గుండ్రంగా ఉంటుంది. కానీ నేల మీద ఆ బలం రాజ్యం చాలా చిన్నది. నీటి విషయంలో సుమారు మూడు మిల్లీమీటర్లు. అంతకన్నా పెద్ద బొట్టు పరచుకుపోతుంది, భారం గెలుస్తుంది. ఇప్పుడు భారాన్ని పదిలక్షల వంతుకు తగ్గించండి. లెక్క వేస్తే ఆ మూడు మిల్లీమీటర్లు వెయ్యి రెట్లు పెరిగి మూడు మీటర్లకు దగ్గరవుతాయి. మామూలు ఉపగ్రహంలోని ట్యాంకు మీటరు, మీటరున్నర వెడల్పుంటుంది. అంటే అక్కడ ట్యాంకు ట్యాంకంతా ఒక నీటిబొట్టు కిందే లెక్క. కక్ష్యలో ఇంధనం ఇంత వింతగా ప్రవర్తించడానికి మూలం ఈ లెక్కే. అందుకే దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పాను.

ఆ బొట్టు ఏ ఆకారం తీసుకుంటుందన్నది ద్రవానికీ పాత్రకూ ఉన్న పొత్తును బట్టి ఉంటుంది. తామరాకు మీద నీరు ముత్యంలా దొర్లిపోతుంది. శుభ్రమైన గాజు మీద పొరలా పరచుకుంటుంది. ఉపగ్రహాల్లో వాడే ద్రవాలు టైటానియం గోడను గాజు మీది నీటిలాగే అంటిపెట్టుకుంటాయి. కాబట్టి సగం ఖాళీ అయిన ట్యాంకులో ద్రవం గోడల వెంబడి అంతటా పాకి, గ్యాసు మధ్యలో ఒక పెద్ద బుడగగా నిలుస్తుంది. నౌక కాస్త తిరిగితే ఆ బుడగ జరుగుతుంది. ఇంజనుకు పోయే గొట్టం మూతి దగ్గర ఈ క్షణాన ద్రవం ఉందా, బుడగ ఉందా? బుడగ ఉన్న క్షణంలో కవాటం తెరిస్తే ఇంజనులోకి గ్యాసు పోతుంది. మంట తడబడుతుంది. ఇంధనానికీ, దాన్ని మండించే ఆక్సిడైజర్‌కూ ఉండాల్సిన పాళ్ళు తప్పుతాయి. పంపులతో నడిచే పెద్ద ఇంజనైతే, ద్రవం అడ్డు లేక పంపు హద్దు మించి తిరిగి చెడిపోతుంది. దాన్ని బాగుచేయడానికి అక్కడికి మెకానిక్కు వెళ్ళలేడు.

ఈ సంగతిని మొదట్లో పరీక్షించిన తీరు చూస్తే నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరుగుతుంది. 1962 మే 24న స్కాట్ కార్పెంటర్ అనే వ్యోమగామి అరోరా-7 అనే చిన్న నౌకలో భూమిని మూడు చుట్లు తిరిగాడు. ఆ ఇరుకు గదిలో ఆయన వెంట, అరచేతిలో పట్టేంత గాజు గోళం ఒకటి వెళ్ళింది. అందులో రంగు కలిపిన నీళ్ళు కొన్ని, మధ్యలో నిలువుగా ఒక గొట్టం. అంతే. భారం పోయాక ఆ నీళ్ళు ఎటు వెళతాయి? గొట్టంలోకి ఎక్కి అక్కడే నిలిచాయి. గొట్టాన్ని సరైన చోట పెడితే, పంపూ మోటారూ లేకుండా ద్రవం మనం కోరిన చోటే ఉంటుందని ఆ చిన్న గోళం చూపించింది.

దాన్ని పంపింది అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలోని లూయిస్ పరిశోధన కేంద్రం. ఆ కేంద్రంలో ఒక లోతైన బావి లాంటి కట్టడం ఉంది. దానిలోని గాలంతా తోడేసి, ప్రయోగపు పెట్టెను 132 మీటర్లు కిందికి వదిలేస్తారు. అయిదు సెకన్లకు కాస్త పైన, సరిగ్గా చెప్పాలంటే 5.18 సెకన్ల పాటు పెట్టె స్వేచ్ఛగా పడుతుంది. ఆ అయిదు సెకన్లే వాళ్ళకు దొరికిన అంతరిక్షం. అందులోనే కెమెరాలు తిరగాలి, ద్రవం కదలాలి. చివర్లో పెట్టె మెత్తటి గుళికలు నింపిన తొట్టిలో పడి ఆగుతుంది. ఈ శాస్త్రంలో మనకు తెలిసినదానిలో చాలా భాగం అలా సెకన్ల లెక్కన పోగుచేసిందే. ఆ బావి ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

అయితే అయిదు సెకన్లలో తెలియనివి కక్ష్యలో తెలిశాయి, అదీ దెబ్బ తిని. సెంటార్ అనే పై దశ ద్రవ హైడ్రోజన్‌తో నడిచేది. 1964 డిసెంబరు 11న దాని నాలుగో ప్రయోగం. ఇంజన్లు మొదటిసారి చక్కగా మండి ఆగాయి. ఆగగానే హైడ్రోజన్ ట్యాంకులో ముందువైపుకు ఎగసింది. దాన్ని అడుగున పట్టి ఉంచటానికి పెట్టిన థ్రస్టర్లనే చిన్న ఇంజన్ల బలం చాలలేదు. హైడ్రోజన్ నిరంతరం ఆవిరవుతుంటుంది గనక పీడనం తగ్గించడానికి ట్యాంకు పైభాగంలో ఒక కవాటం ఉంటుంది. అది తెరుచుకుంది. పైన ఆవిరి మాత్రమే ఉంటుందన్న నమ్మకంతో పెట్టిన కవాటం అది. ఆవిరితో పాటు ద్రవం కూడా చిమ్ముకొచ్చింది. ఆ చిమ్మిన తోపుకు దశ మొత్తం పల్టీలు కొట్టింది. ఇంజన్లను రెండోసారి వెలిగించే ప్రయత్నం విఫలమైంది. ఒక ద్రవం తాను ఉండాల్సిన చోట లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇదంతా. లోపల అడ్డుపలకలు పెట్టి, థ్రస్టర్ల బలం పెంచి, 1966 అక్టోబరు 26న మధ్యలో విరామం ఇచ్చి రెండుసార్లు ఇంజన్లు వెలిగించగలిగారు.

మొదట చెప్పిన కెమెరా రాకెట్ ఈ రెంటికీ మధ్య వెళ్ళింది. చంద్రుడి మీదికి మనిషిని పంపే పథకంలో సాటర్న్ రాకెట్ మూడో దశ ఒకసారి మండి భూమి చుట్టూ కక్ష్యలో నిలవాలి. రెండు రెండున్నర గంటలు ఇంజను ఆపుకుని తిరగాలి. ఆ తర్వాత మళ్ళీ వెలిగి చంద్రుడి దారి పట్టాలి. ఆ రెండున్నర గంటలూ హైడ్రోజన్‌ను అడుగున ఎలా ఉంచడం? వాళ్ళు కనుక్కున్న ఉపాయం నాకు చాలా ఇష్టం. ఎలాగూ ఆవిరైపోయే హైడ్రోజన్‌ను ఎలాగూ బయటికి వదలాలి కదా, దాన్ని వెనక్కి వదిలితే? ఆ కొద్దిపాటి ఆవిరి తోపుకే రాకెట్ మెల్లగా ముందుకు కదులుతుంది. రాకెట్ ముందుకు పోతే లోపలి ద్రవం వెనక్కి, అంటే అడుగుకు చేరి అక్కడే ఉంటుంది. భారంలో అతి స్వల్ప భాగం చాలు. బస్సు కదలగానే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలటం లాంటిదే ఇది. కెమెరా ఆ ద్రవం అడుగున కుదురుగా నిలవడాన్ని చూపించింది. పని పూర్తయ్యాక ట్యాంకుల మధ్య గోడ ఎంత పీడనానికి ఆగుతుందో చూస్తుండగా ఆ దశ పేలి ముక్కలైంది. అప్పటికే కావలసింది తెలిసిపోయింది. మూడేళ్ళ తర్వాత అపోలో-11 ఆ ఉపాయం మీదే చంద్రుడి దారి పట్టింది.

చూశారా, ఇది స్కూటర్‌ను వంచటమే. పల్లం లేకపోతే కాసేపు పల్లాన్ని సృష్టించుకోవడం.

కానీ అన్ని నౌకలూ ఇలా చేయలేవు. పదిహేనేళ్ళు పనిచేయాల్సిన సమాచార ఉపగ్రహాన్ని తీసుకోండి. తన చోటు తప్పకుండా ఉండటానికి అది వేల సార్లు చిన్న థ్రస్టర్లు వెలిగించాలి. ద్రవాన్ని అడుగుకు చేర్చాలంటే నౌకను నెట్టాలి. నెట్టడానికి థ్రస్టర్ వెలగాలి. థ్రస్టర్ వెలగాలంటే దానికి ద్రవం అందాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు. కాబట్టి ఏ తోపూ లేనప్పుడు కూడా గొట్టం మూతి దగ్గర ద్రవం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

రబ్బరు సంచిలో పోసి బయటి నుంచి గ్యాసుతో నొక్కితే సరిపోదా? సరిపోతుంది, కొన్నిటికి. హైడ్రజీన్ అనే ఇంధనం ఒక్కటే వాడే చిన్న ఉపగ్రహాల్లో రబ్బరు పొర ఉన్న ట్యాంకులు ఈనాటికీ ఉన్నాయి. కానీ పెద్ద ఉపగ్రహాల్లో ఆక్సిడైజర్‌గా వాడే నైట్రోజన్ టెట్రాక్సైడ్ మామూలు రబ్బరును తినేస్తుంది. ద్రవ హైడ్రోజన్ చలికి, సున్నాకు 253 డిగ్రీలు దిగువన, రబ్బరు గాజులా పగిలిపోతుంది. ట్యాంకు పెద్దదయ్యే కొద్దీ పొర బరువూ పెరుగుతుంది. అందుకని ఇంజనీర్లు మళ్ళీ తలతన్యత దగ్గరికే వచ్చారు. మనల్ని ఇబ్బంది పెట్టిన బలంతోనే పని చేయించుకుందామనుకున్నారు.

దీనికి మన ఇంట్లోనే పాత ఉదాహరణ ఉంది. ప్రమిదలో వత్తి. నూనె అడుగున ఉంటుంది, మంట పైన ఉంటుంది. మధ్యలో ఏ యంత్రమూ లేదు. దూది పోగుల సందుల్లో నూనె తనంతట తానే ఎక్కుతుంది. పైన ఎంత కాలితే కింది నుంచి అంత వస్తుంది. నేల మీద భారానికి ఎదురు నిలిచి వేలెడంత ఎత్తే ఎక్కగలిగిన ఆ బలం, భారం లేని చోట ట్యాంకంత పొడవునా ద్రవాన్ని నడిపిస్తుంది. ట్యాంకులో దూది పెట్టరు గాని, లోహంతోనే వత్తి చేస్తారు. అడుగు నుంచి పై దాకా గోడ వెంబడి, లేదా మధ్యలో, పల్చని లోహపు రెక్కలు నిలబెడతారు. రెక్కకూ గోడకూ మధ్య ఏర్పడిన సన్నటి మూలల్లో ద్రవం పాకుతుంది. ట్యాంకులో ఎక్కడ చెదిరి ఉన్నా ఆ దారి పట్టి గొట్టం మూతి దగ్గరికి వస్తుంది. 1975లో అంగారకుడి వైపు వెళ్ళిన రెండు వైకింగ్ ఆర్బిటర్ల ట్యాంకుల్లో ఇలాంటి రెక్కల ఏర్పాటే ఉండేది.

ఆ మూలల వెనక గణితం ఉంది. పాల్ కాంకస్, రాబర్ట్ ఫిన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1969లో దాన్ని తేల్చారు. రెండు పలకలు కలిసే మూల కోణంలో సగం తీసుకోండి. దానికి ద్రవం లోహాన్ని తాకే స్పర్శ కోణం కలపండి. మొత్తం తొంభై డిగ్రీల కన్నా తక్కువైతే, భారం లేని చోట ద్రవం ఆ మూలలో ఒక ఎత్తున ఆగదు. దారి ఉన్నంత మేరా పోతూనే ఉంటుంది. తొంభై దాటితే ఆగిపోతుంది. మధ్యేమార్గం లేదు. మూలను ఒక్క డిగ్రీ అటో ఇటో మార్చితే ద్రవం ప్రవర్తనే మారిపోవచ్చు. ఇంజనీరు చేతికి ఇంతకన్నా పదునైన ఆయుధం ఏముంటుంది? లోహాన్ని ఎక్కడ ఏ కోణంలో వంచాలో తెలిస్తే, కవాటమూ పంపూ లేకుండా ద్రవానికి దారి చూపించవచ్చు. పల్లం లేని చోట పల్లం కట్టడం అంటే ఇదే.

ఇదే లెక్కతో ఒక కాఫీ కప్పు కూడా పుట్టింది. అంతరిక్ష కేంద్రంలో కాఫీ తాగాలంటే సంచిలో స్ట్రా పెట్టి పీల్చాలి. కాఫీ వాసన కూడా తగలదు. 2008 నవంబరులో డాన్ పెటిట్ అనే వ్యోమగామి అక్కడ దొరికిన ఒక ప్లాస్టిక్ కాగితాన్ని కన్నీటి బొట్టు ఆకారంలో మడిచి, అంచులు టేపుతో అతికించి కప్పు చేశాడు. ఒక పక్క పదునైన మడత. కాఫీ ఆ మడత వెంబడి పైకి పాకి అంచు దగ్గరికి వచ్చి నిలిచింది. పెదవి ఆనిస్తే తాగుతున్న కొద్దీ కింది నుంచి వస్తూనే ఉంది, వత్తిలో నూనెలా. ఈ మూలల ప్రవాహాన్ని ఏళ్ళ తరబడి పరిశోధించిన మార్క్ వైస్లోగెల్ తదితరులు ఆ కప్పును మరింత మెరుగు పరిచారు. 2015 మే నెలలో ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అలాంటి కప్పులో అంతరిక్ష కేంద్రంలోనే కాచిన ఎస్ప్రెస్సో తాగింది. ఇంధన ట్యాంకు రెక్కకూ ఆ కప్పు మడతకూ శాస్త్రంలో తేడా ఏమీ లేదు.

రెక్కలు నెమ్మదిగా పనిచేస్తాయి. ఇంజను ఒక్కసారిగా దండిగా అడిగితే అంత వేగంగా తెచ్చి ఇవ్వలేవు. దానికి ఇంకో ఏర్పాటు ఉంది. దీన్ని స్పాంజి అంటారు. గొట్టం మూతి చుట్టూ, పుస్తకం పేజీలు విప్పినట్టుగా పల్చని పలకలు నిలబెడతారు. కేంద్రానికి పోయే కొద్దీ సందులు ఇరుకవుతాయి. ఇరుకు సందు ద్రవాన్ని ఎక్కువ బలంగా పట్టుకుంటుంది గనక ద్రవం ఎప్పుడూ లోపలికే, మూతి దగ్గరికే చేరుతుంది. ఇంజను వెలగడానికి కావలసిన మొదటి గుక్క ఆ స్పాంజిలో ఉంటే చాలు. వెలిగాక నౌక ముందుకు కదులుతుంది, మిగతా ద్రవం దానంతటదే అడుగుకు చేరి స్పాంజిని మళ్ళీ నింపుతుంది.

మూడో ఏర్పాటు జల్లెడ. దీన్ని పిల్లలకు చెప్పాల్సి వస్తే నేను చెరువు గుర్తు చేస్తాను. ఈత నేర్చుకునే పిల్లలు లుంగీని తడిపి, రెండు అంచులు పట్టి గాలిలో విదిలించి నీళ్ళ మీద బోర్లించి, గాలిని మూటగట్టి దాని మీద తేలుతుంటారు. పొడి లుంగీతో ఇది కుదరదు, గాలంతా పోతుంది. తడి బట్టలో ప్రతి చిన్న కన్నానికీ ఒక నీటి పొర తలుపు వేసినట్టు ఉంటుంది. గాలి ఆ పొరను చీల్చుకుని రావాలి. గట్టిగా నొక్కితే తప్ప రాలేదు. ట్యాంకులోనూ అంతే. వెంట్రుక కన్నా సన్నని తీగలతో నేసిన లోహపు జల్లెడతో కాలవల్లాంటి గొట్టాలు చేసి గోడ వెంబడి అమరుస్తారు. తడిసిన జల్లెడ గుండా ద్రవం హాయిగా లోపలికి వస్తుంది, గ్యాసు మాత్రం రాలేదు. అమెరికా స్పేస్ షటిల్ తన దిశ మార్చుకునే థ్రస్టర్లకు ఇంధనమిచ్చే ట్యాంకుల్లో ఇలాంటి జల్లెడలే ఉండేవి.

ఆ తలుపు ఎంత గట్టిది అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. కన్నం ఎంత చిన్నదైతే అంత గట్టి. ద్రవం తలతన్యత ఎంత ఎక్కువైతే అంత గట్టి. హైడ్రజీన్ ఈ విషయంలో నీటికి దగ్గరగానే ఉంటుంది. ద్రవ హైడ్రోజన్ తలతన్యత మాత్రం నీటిలో సుమారు 37వ వంతే. పైగా అది మరుగు స్థితికి పక్కనే ఉంటుంది. కాస్త వెచ్చదనం తగిలితే చాలు, జల్లెడ కన్నాల్లోని పొర ఆవిరై తలుపు తెరుచుకుపోతుంది. ఈ రంగంలో ఇంకా తీరని కష్టాలన్నీ ఈ అతిచల్లని ద్రవాల చుట్టూనే ఉన్నాయి.

ఇంత చేసినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. ట్యాంకులో ఎంత మిగిలింది? మట్టం అనేదే లేని చోట మట్టం ఎలా చూస్తాం? తేలే బుర్ర పనిచేయదు, తేలటం అంటేనే పైకి రావడం, పై అంటూ లేదు. మూడు దారులున్నాయి. ఏ థ్రస్టర్ ఎంతసేపు మండిందో మొదటి రోజు నుంచీ పద్దు రాసి కూడటం ఒకటి. ట్యాంకులోని గ్యాసు పీడనం, ఉష్ణోగ్రతలను బట్టి గ్యాసు ఎంత చోటు ఆక్రమించిందో లెక్కగట్టి, మిగతాది ద్రవం అనుకోవడం ఇంకొకటి. మూడోది మన వంటింట్లోనిదే. గ్యాస్ సిలిండర్‌లో ఎంతుందో చూడాలంటే తడి గుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తాం. ఖాళీ ఉన్న మేర తడి త్వరగా ఆరిపోతుంది, ద్రవం ఉన్న మేర చల్లగా ఉండి తడి నిలుస్తుంది. ఉపగ్రహం ట్యాంకును చిన్న హీటరుతో వేడి చేసి, ఎంత నెమ్మదిగా వేడెక్కుతుందో చూస్తారు. ద్రవం ఎక్కువుంటే నెమ్మదిగా, తక్కువుంటే గబగబా. పదిహేనేళ్ళ పద్దులో చిన్న తప్పులు పోగుపడతాయి గనక చివరి సంవత్సరాల్లో ఈ మూడో పద్ధతికి విలువ ఎక్కువ. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం చనిపోయే ముందు మరి కొన్ని వందల కిలోమీటర్లు పైకి వెళ్ళి దారికి అడ్డు తొలగాలి. అందుకు చాలినంత ఇంధనం మిగిలి ఉండగానే దాని పని ఆపించాలి. లెక్క తప్పితే, ఆ పాత ఉపగ్రహం కొత్తవాటి దారిలోనే శవంలా ఉండిపోతుంది.

తొణుకుడు సంగతి క్లుప్తంగా చెబుతాను. నిండుకుండ తొణకదన్నది ట్యాంకుల విషయంలో అక్షరాలా నిజం. ఇబ్బంది సగం నిండిన ట్యాంకుతోనే. 1969 జూలై 20న అపోలో-11 చంద్రుడి మీద దిగుతుంటే ఇంధనం అడుగంటిందని సూచించే దీపం ముందుగానే వెలిగింది. ట్యాంకులో ద్రవం అటూ ఇటూ ఊగి కొలత తీసే చోటును కాసేపు ఖాళీ చేసింది. తర్వాతి ల్యాండర్లలో అడ్డుపలకలు పెట్టారు. 2007 మార్చిలో ఫాల్కన్-1 రాకెట్ రెండో ప్రయోగంలో ఆక్సిజన్ తొణుకుడికి పై దశ ఊగి, తిరిగి, ఇంజను ఆగిపోయింది. ఒకప్పుడు నీళ్ళ కావడి మోసేవాళ్ళు కుండలో ఆకుల రెమ్మ వేసుకునేవాళ్ళు. అడ్డుపలక చేసే పనీ అదే.

ఈ జాగ్రత్తలన్నీ మన శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లకూ తప్పనివే. 2016 సెప్టెంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ35 ఒక ఉపగ్రహాన్ని ఒక కక్ష్యలో, మిగతా ఏడింటిని వేరే కక్ష్యలో వదిలింది. నాలుగో దశ ఇంజను ఆగి, చాలాసేపు నిశ్శబ్దంగా తిరిగి, మళ్ళీ వెలిగింది. ఆ నిశ్శబ్దంలో దాని ట్యాంకుల్లోని ద్రవానికి పల్లం లేదు.

అంతకు రెండేళ్ళ ముందు, అంగారకుడి దగ్గరికి వెళ్ళిన మంగళయాన్‌కు ఎదురైన పరీక్ష ఇంకా కఠినమైంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి, డిసెంబరు 1న భూమి కక్ష్య వదిలింది. దాని పెద్ద ఇంజను, 440 న్యూటన్లది, ఆ తర్వాత దాదాపు మూడు వందల రోజులు పడుకుంది. దారి సరిదిద్దే చిన్న పనులు చిన్న థ్రస్టర్లు చూసుకున్నాయి. 2014 సెప్టెంబరు 22న ఆ ఇంజనును నాలుగు సెకన్ల పాటు వెలిగించి చూశారు. మూడు వందల రోజుల తర్వాత గొట్టాల్లో ద్రవం ఉంది, కవాటం తెరుచుకుంది, మంట వచ్చింది. రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 24 ఉదయం 7 గంటల 17 నిమిషాలకు ఇంజను మళ్ళీ వెలిగి ఇరవై మూడు నిమిషాలకు పైగా మండింది. ఆ సమయంలోనే నౌక అంగారకుడి చాటుకు వెళ్ళింది. సంకేతాలు ఆగిపోయాయి. బెంగళూరులో కూర్చున్నవాళ్ళకు ఆ నిమిషాల్లో చేయడానికేమీ లేదు. అన్నీ ముందే చేసి పంపారు. గొట్టం మూతి దగ్గర బుడగ చేరకుండా చూసే ఏర్పాటు కూడా అందులో ఒకటి.

రేపటి పని ఇంకా పెద్దది. కక్ష్యలోనే ఒక నౌక నుంచి ఇంకో నౌకకు ఇంధనం పోయడం. 1978లో సోవియట్ రష్యా ప్రోగ్రెస్-1 అనే సరుకు నౌక సాల్యూట్-6 కేంద్రానికి ఇంధనం అందించింది. అది మామూలు ఉష్ణోగ్రతలో నిల్వ ఉండే ద్రవం. ద్రవ ఆక్సిజన్, ద్రవ మీథేన్, ద్రవ హైడ్రోజన్ టన్నుల కొద్దీ అలా మార్చగలిగితేనే మనుషులు మళ్ళీ చంద్రుడి మీదికి, అక్కడి నుంచి ఇంకా దూరం వెళ్ళగలరని ఇప్పటి పథకాలు చెబుతున్నాయి. 2024 మార్చి 14న స్టార్‌షిప్ అనే నౌక తన మూడో ప్రయాణంలో, తన లోపలి ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు ద్రవ ఆక్సిజన్‌ను మార్చి చూసే ప్రయోగం చేసింది. ఒకే నౌకలో రెండు ట్యాంకుల మధ్య. రెండు నౌకల మధ్య చేయాలంటే ఖాళీ ట్యాంకును ముందు చల్లబరచాలి, లేకపోతే వచ్చిన ద్రవం వచ్చినట్టే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని ద్రవం చిమ్మకుండా వదలాలి. సెంటార్ 1964లో నేర్పిన పాఠమే మళ్ళీ.

చివరగా మళ్ళీ మంగళయాన్ సంగతి. దాన్ని ఆరు నెలల కోసం పంపారు. అది దాదాపు ఎనిమిదేళ్ళు అంగారకుడి చుట్టూ తిరుగుతూ పనిచేసింది. 2022లో ఒక సుదీర్ఘ గ్రహణం తర్వాత దాని నుంచి సంకేతాలు ఆగిపోయాయి. ఆ సెప్టెంబరులో ఇస్రో శాస్త్రవేత్తలు కూర్చుని చర్చించి, దానిలోని ఇంధనం అయిపోయి ఉండాలి, అందుకే సూర్యుడి వైపు తిరగలేకపోయి ఉంటుందని నిర్ధారణకు వచ్చారు. అయిపోయింది అనలేదు, అయిపోయి ఉండాలి అన్నారు. ఆ ట్యాంకులోకి తొంగి చూసే కెమెరా లేదు, చూడటానికి మట్టమూ లేదు. ఎనిమిదేళ్ళ పద్దులు, చివరి రోజుల సంకేతాలు, అవే వాళ్ళ దగ్గరున్నవి. నౌక మాత్రం, బహుశా ఖాళీ ట్యాంకులతో, అంగారకుడి చుట్టూ ఇంకా పడుతూనే ఉంది.